బోర్గిల్డ్ ఉత్తరాలు బోర్గిల్డ్‌వి కావట

మా ఊరి గ్రంథాలయం కింది అంతస్తులో, తేమ చేరకుండా యంత్రాలు పెట్టిన గదిలో, యాభై రెండు అట్టపెట్టెలున్నాయి. అన్నిటి మీదా ఒకటే పేరు: ఐవిన్ హామ్నెస్. నార్వేలో ఈ తీరాన బడికి వెళ్ళిన ఎవరికైనా ఆ పేరు తెలుసు. ఇక్కడి దీవి బడిలో పంతులుగా మొదలై, కథలు రాసి, వాచకాలు రాసి, ఓస్లోలో పెద్దమనిషి అనిపించుకున్నాడు. ఆయన పోయాక కుటుంబం కాగితాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేసింది. పాత బస్సు టికెట్లు కూడా భద్రంగా ఉన్నాయట.

పందొమ్మిదో పెట్టెలో బోర్గిల్డ్ సోల్‌బాక్ రాసిన ఉత్తరాలు ముప్పై ఏడున్నాయి. బోర్గిల్డ్ బతికే ఉంది. ఎనభై మూడేళ్ళు. గ్రంథాలయానికి మూడు వీధుల అవతలే ఇల్లు. ఆ ఉత్తరాలు చూడటానికి ఆమెకు అనుమతి లేదు.

ఈ మాట రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

నేను ఆమె మేడమీద గదిలో అద్దెకుంటాను. ట్రోన్‌హైమ్‌లో కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి రేవులో సరుకులెత్తుతున్నాను. ఆమె పదిహేనేళ్ళకే బడి మానేసింది. నలభై ఒక్క ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసింది. చల్లనీళ్ళలో నాని నాని కుడిచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ నిటారుగా రావు.

బడి మానేసే పిల్లలందరికీ హామ్నెస్ ఒకటే చెప్పేవాడట: “చదువు ఆపారు సరే, రాయడం ఆపకండి. చూసింది చూసినట్టు నాకు రాయండి.” మిగతావాళ్ళు రెండు మూడు ఉత్తరాలతో సరిపెట్టారు. బోర్గిల్డ్ పదిహేనేళ్ళు రాసింది. అరవై ఏడులో కూతురు పుట్టింది, సునివా. ఆ పిల్ల అన్న మాటలు, చేసిన అల్లరి, అన్నీ రాసింది. నాలుగేళ్ళు నిండాక పిల్ల మెదడువాపు జ్వరంతో పోయింది. మరుసటి చలికాలం ఇల్లు కాలిపోయింది. అన్నగారింట్లో ఉండబట్టి ఫోటో ఒకటి మిగిలింది.

“మొహం గుర్తుందిరా,” అంది ఒకరోజు బంగాళాదుంపలు ఒలుస్తూ. “మాటలే పోతున్నాయి. ఓ పొద్దున పొగమంచు కమ్మినప్పుడు ఏదో అడిగింది. నేనూ మా ఆయనా పడీపడీ నవ్వాం. ఆ రోజే పంతులుగారికి రాసేశాను. ఇప్పుడు ఎంత తవ్వుకున్నా ఆ మాట రావట్లేదు. కానీ రాశాను కదా? కాగితం మీద ఉంటుంది కదా?”

మర్నాడే ఇద్దరం గ్రంథాలయానికి వెళ్ళాం. ఆ కాగితాల బాధ్యత మెరెటె అనే ఆవిడది. చెడ్డది కాదు. అదే పెద్ద చిక్కు, చెడ్డదైతే తిట్టి పోయేవాణ్ణి.

“ఉత్తరం రాసినవాళ్ళది కాదండీ, అందుకున్నవాళ్ళది,” అంది మెరెటె మెత్తగా. “పైగా కుటుంబం షరతు పెట్టింది. ఇతరులు రాసిన ఉత్తరాలు రెండువేల నలభై అయిదు దాకా తెరవకూడదు. విశ్వవిద్యాలయం నుంచి లేఖ తెచ్చిన పరిశోధకులకైతే…”

“ఆ ఇతరుల్లో నేనున్నాను కదమ్మా.”

“మీ సొంత విషయాలు బయటపడకుండా కాపాడటానికే ఈ నియమం, బోర్గిల్డ్ గారూ.”

“ఎవరి నుంచి? నా నుంచా?”

మెరెటె కాగితాలు సర్దుకుంది. బోర్గిల్డ్ కోటు బొత్తాలు పెట్టుకుంటూ, “నలభై అయిదుకి నాకు నూట నాలుగు. అప్పటికి కళ్ళజోడు మార్పించుకుని వస్తాలే,” అంది.

నా దగ్గర పాత కాలేజీ కార్డుంటే అది తీసి బల్ల మీద పెట్టాను. గడువు దాటిందన్నారు. చదువు మానినవాడికీ, చదువు అందనామెకీ ఒకటే తలుపు వేశారు. ఎక్కడో ఓస్లోలో పాతికేళ్ళ పరిశోధకుడెవడో ఒక లేఖ పట్టుకొస్తే మాత్రం ఆ తల్లి రాసుకున్నదంతా కాఫీ తాగి వచ్చి మరీ చదువుకోవచ్చు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అదే గ్రంథాలయంలో నెలకో గురువారం ముసలివాళ్ళని కాఫీకి పిలుస్తారు. వాఫుల్స్ పెడతారు, గోధుమరంగు జున్ను పెడతారు. పాత ఫోటోలు గోడ మీద వేసి, వీళ్ళెవరో చెప్పమంటారు. వీళ్ళు చెబుతుంటే మెరెటె రాసుకుంటుంది. పన్నెండేళ్ళుగా అందులో మొనగత్తె బోర్గిల్డే. వీపు మాత్రమే కనబడే మనిషిని కూడా పట్టేస్తుంది. “ఆ స్వెటర్ గున్‌వోర్ అల్లింది. నక్షత్రానికి ఎప్పుడూ ఒక కొమ్ము ఎక్కువ అల్లేది, లెక్క రాదు దానికి. ముగ్గురు కొడుకులకే అల్లింది, అందులో ఇద్దరు పొట్టి. కాబట్టి వీడు యోస్టెయిన్.” అలా ఆ గ్రంథాలయానికి మూడొందల పేర్లిచ్చింది. ఏ లేఖా అడగలేదు.

తర్వాతి గురువారం మొదటి ఫోటో పడింది. పడవ పక్కన పొడుగాటి మనిషి.

“తెలీదు,” అంది బోర్గిల్డ్.

పక్కన కూర్చున్న ఇంగ్వాల్ ముసలాయన చెవి యంత్రం సరిచేసుకున్నాడు. “అదేంటే? మీ సొంత అన్న కదే వాడు!”

“తెలీదన్నానా? నాకు గుర్తు రావాలంటే విశ్వవిద్యాలయం లేఖ తేవాలి.”

సంగతి అప్పటికే ఊరందరికీ తెలుసు. రెండో ఫోటో ఇంగ్వాల్ పెళ్ళిదే. ఆయన తల పక్కకి వంచి చాలాసేపు చూశాడు. “ఎవరో పెళ్ళికొడుకు. పాపం, అప్పట్లో బాగానే ఉండేవాడు,” అన్నాడు. ఆ రోజు పద్దెనిమిది ఫోటోలు చూపించారు. పద్దెనిమిదింటికీ ఎవరికీ ఏమీ తెలియలేదు. వాఫుల్స్ మాత్రం అన్నీ అయిపోయాయి.

ఆ శరత్కాలంలోనే హామ్నెస్ నూరేళ్ళ పండుగ. గ్రంథాలయం పై హాల్లో ఆయన ఫోటోలు పెట్టారు. కింద కాగితాల మీద వరసగా ‘పేర్లు తెలియవు’, ‘పేర్లు తెలియవు’. ఆయన కొడుకు స్టెఫెన్ ఓస్లో నుంచి వచ్చాడు. అరవై దాటిన లాయరు. ఉత్తరాలకి తాళం వేయించిన సంతకం ఆయనదే. ఫ్యాక్టరీ ఆడవాళ్ళ మధ్య హామ్నెస్ నిలబడ్డ ఫోటో ముందు ఆగి, “ఒక్కరి పేరు కూడా దొరకలేదా?” అని మెరెటెని విసుక్కున్నాడు.

బోర్గిల్డ్ జనంలోంచి ముందుకొచ్చింది. నేనైతే పెట్టె తెరిస్తేనే చెబుతానని బేరం పెట్టేవాణ్ణి. పెట్టమని ముందే నూరిపోశాను కూడా. ఆమె పెట్టలేదు.

“ఎడమ నుంచి మూడోది మీ అమ్మ,” అంది.

“మా అమ్మ ఫ్యాక్టరీలో ఎప్పుడూ పనిచేయలేదండీ. పియానో నేర్పేది.”

“తర్వాత నేర్పిందేమో. ముందు నాతో ఒకే బల్ల దగ్గర మూడేళ్ళు చేపలు కోసింది. నాకు కత్తి పట్టుకోవడం నేర్పిందే ఆవిడ. ఎడమచేతి బొటనవేలి మీద ఇంత పొడుగు మచ్చ ఉండేదా, లేదా?”

స్టెఫెన్ తలగుడ్డ కట్టుకున్న ఆ అమ్మాయి మొహంలోకి వంగి చూశాడు. “ఉండేది,” అన్నాడు చివరికి. “పియానో మూత పడిందని చెప్పింది.”

“పియానోకి పళ్ళుండవు నాయనా. కాడ్ చేపకి ఉంటాయి.” ఎవరో కిసుక్కున నవ్వారు. బోర్గిల్డ్ నవ్వలేదు. “మీ అమ్మని నీకిచ్చాను. అరనిమిషం పట్టలేదు. నువ్వెవరని అడగలేదు. ఇప్పుడు నా కూతుర్ని నాకివ్వు.”

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది. మెరెటె చెబుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అన్ని ఉత్తరాలున్నాయని తను చూడనే లేదన్నాడు. చూడకుండానే తాళం వేశాడన్నమాట! అయినా లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్కడికక్కడే రాసిచ్చాడు: పిల్ల పుట్టినప్పటి నుంచి పోయేదాకా రాసిన ఏడు ఉత్తరాలు మాత్రమే, ఒక గంట, సిబ్బంది ఎదుట, తోడుగా ఒకరు.

“గంటేంటి? మిగతా ముప్పై ఏం పాపం చేశాయి?” అన్నాను.

“నోరు ముయ్యి. తలుపు తీస్తుంటే గొణగకు,” అంది బోర్గిల్డ్.

సోమవారం చదివే గదిలో కూర్చున్నాం. పక్క బల్లల దగ్గర ముగ్గురు పరిశోధకులు. మెరెటె బూడిదరంగు కవరులోంచి ఉత్తరాలు తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టింది. మొదటి కాగితం నిండా ఎర్ర పెన్సిలు దిద్దుళ్ళే.

“చూశావా,” అంది బోర్గిల్డ్. “బిడ్డ పుట్టిందని రాస్తే తప్పులు దిద్దుతూ కూర్చున్నాడు మహానుభావుడు.”

రెండోదీ మూడోదీ చదివింది. నాలుగోదాంట్లో సగానికి వచ్చి ఆగిపోయింది. వంకర వేలు ఒక వాక్యం కింద పెట్టి, గట్టిగా పైకి చదివింది:

“‘పొద్దున్నే పొగమంచు కమ్మింది. సునివా కిటికీ ఎక్కి, సముద్రాన్ని ఎవరు తీసుకెళ్ళారమ్మా, సాయంత్రానికి తెచ్చిచ్చేస్తారా అని అడిగింది.’”

పరిశోధకులు తలలెత్తారు. ఒకాయన కళ్ళజోడు తీసి అసహనంగా చూశాడు. మెరెటె బల్ల దగ్గరికొచ్చి, “బోర్గిల్డ్ గారూ, ఇక్కడ పైకి చదవకూడదండీ,” అంది.

బోర్గిల్డ్ ఆ వాక్యాన్నే మళ్ళీ చదివింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. తర్వాత అయిదో ఉత్తరం గుడ్డ మీదికి లాక్కుంది.

“ఇంకా మూడున్నాయి,” అంది తలెత్తకుండా. “వింటానంటే కుర్చీ లాక్కుని కూర్చో. లేదా ఆ తలుపు వేసి వెళ్ళు.”