దసరా దాకా విప్పని మూట

బీదర్‌లో గోపాల్‌రావు బట్టల దుకాణానికి ఒక పద్ధతుంది. ఆషాఢం నుంచి వచ్చే కొత్త సరుకునంతా లోపలి గదిలో మూటలు మూటలుగానే పడేస్తారు. దసరా నాడు పొద్దున పూజయ్యాక, గిరాకీలు గడప ముందు నిలబడి చూస్తుండగా, అన్నీ ఒక్కసారి విప్పుతారు. చిమ్కోడ్ నుంచి, మన్నళ్ళి నుంచి ఆడవాళ్లు ఆ విప్పడం చూడటానికే బస్సెక్కి వస్తారు. ఆయన కూతురు దీపాలి ఎనిమిదేళ్ల వయసులో ఓ మూట ముడి ముందే లాగి చూసి, తండ్రి చేత రెండు దెబ్బలు తిన్నది. ఆ దెబ్బలు మరిచిపోయినా బాగుండేది. పద్ధతిని తలకెక్కించుకున్నది.

ఇప్పుడు దీపాలికి ముప్పై నాలుగు. పొద్దున దుకాణంలో కూర్చుంటుంది, మధ్యాహ్నం మేడ మీది గదిలో తమ్ముడు వికాస్‌తో కలిసి ఫోన్లలో ఆడుకునే గేమ్ చేస్తుంది. దాని పేరు సురంగబావి. బీదర్ నేల కింద పాతకాలం నాటి నీటి సొరంగాలున్నాయి కదా, అదే ఆట. ఆడే ప్రతివాళ్లకూ ఒక బావి, పై నుంచి కిందికి వరసలుగా. పై బావివాళ్లు తమ సొరంగంలో పూడిక తీస్తేనే కింది బావికి నీళ్లు. పైవాడు మూడు రోజులు రాకపోతే కిందివాడి బావి ఎండుతుంది. ఒకరి కోసం ఒకరు రావాలని దీపాలి అట్లా పెట్టింది. మనుషులు అంత మంచివాళ్లని ఆమెకెవరు చెప్పారో తెలియదు.

ఉగాదికి రోజుకు ఆరు వందల మంది ఆడేవాళ్లు. ఎండాకాలం పోయేసరికి ఆడిందే ఆడి విసుగొచ్చి పైవాళ్లు మానుకోసాగారు, కిందివాళ్ల బావులు ఎండసాగాయి. అక్కాతమ్ముళ్లకు ఇది తెలియక కాదు. కొత్తవి చేస్తూనే ఉన్నారు. ఆషాఢంలోనే వికాస్ గేమ్‌లోకి ఒక పార తయారుచేశాడు. అది చేతిలో ఉంటే రానివాడి సొరంగంలో పూడిక కూడా మనమే తీసుకోవచ్చు.

"అక్కా, పార అయిపోయింది. రేపు ఇడుద్దామా?" అన్నాడు.

"ఒక్క పార కోసం ఎవడొస్తడు రా? అన్నీ కానీ. దసరాకు ఒక్కసారి ఇప్పుదాం."

"అప్పటిదాంక ఉంటరా?"

"నాయన దుకాణానికి ఉంటలేరా?"

"నాయన దుకాణానికి ఏడాదికోసారి వస్తరక్కా. మనకాడికి రోజు రావాలె."

దీపాలి లేచి కిందికి దిగిపోయింది. ఆ ఇంట్లో మాట తోచనప్పుడు నోరు మూసుకుంటే గెలిచినట్టే లెక్క. తండ్రి దగ్గర నేర్చిందే.

ఆడేవాళ్లలో హుమ్నాబాద్ నుంచి దయమ్మ అని ఒకామె ఉండేది. హైవే మీద చిన్న హోటల్. లారీకి లారీకి మధ్య ఆడుకునేది. గేమ్‌లో ఫిర్యాదులు రాసే చోట రెండు మూడు రోజులకోసారి రాసేది.

"అమ్మా, నా బావి ఎండింది. పైన ఏడుగురు ఆడుడే బంద్ చేసిన్రు. నా కింద కాశప్ప అని ఉన్నడు, ఆయన నన్ను తిడుతుండు. నా తప్పేముంది? ఏమన్న చెయ్యరాదు?"

దీపాలి రాసేది: "దసరాకు వస్తుంది అక్కా. చాలా వస్తున్నాయి."

మళ్లీ వారానికి: "చాలా ఒద్దు, నీళ్లొస్తె చాలు."

మళ్లీ అదే జవాబు. పార పక్కనే ఉంది. ఈ ఒక్కామె కోసమైనా ఇడువక్కా, పోతదామె, అని వికాస్ రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. భాద్రపదంలో దయమ్మ ఫిర్యాదులు ఆగిపోయాయి. పండగ పనుల్లో ఉందేమోనని దీపాలి అనుకుంది. ఏ పండగో అనుకోలేదు.

దసరా పొద్దున కింద గోపాల్‌రావు కొబ్బరికాయ కొట్టి మూటలు విప్పాడు. అదే గడియకు మేడ మీద దీపాలి తన మూట విప్పింది. ముప్పై ఆరు కొత్తవి. పార, చేద, కొత్త సొరంగాలు, వానాకాలం, బావి గట్టు మీద పావురాలు, ఇంకా ఏవేవో. కింద ఆడవాళ్లు చీరలు ఒంటి మీద వేసుకుని చూసుకుంటున్నారు. పైన ఇద్దరూ ఫోన్ పట్టుకుని కూర్చున్నారు.

సగం మంది ఫోన్లలో అంత పెద్దది పట్టనే లేదు. పట్టినవాళ్ల బావులన్నీ మధ్యాహ్నానికల్లా ఎండిపోయాయి. పైవాడని లేదు, కిందివాడని లేదు, అందరివీ.

"ఏది చెడగొట్టింది?" అంది దీపాలి.

"ఎట్ల తెలుస్తది? ఒక్కటి ఇడిస్తె ఆ ఒక్కటే అనుకోవచ్చు. ముప్పై ఆరు ఒక్కసారి కుమ్మరించినం. పావురాలే తాగినయ్ కావచ్చు."

నవ్వు రావలసిన మాటే. రాలేదు. తమ్ముడి మీద కోపమూ రాలేదు. దీపాలి ఫోన్ పక్కన పెట్టి, మెల్లగా కిందికి దిగి, ఎవరో చూసి పడేసిన చీరలు మడత పెట్టసాగింది. అంచుకు అంచు కలిపి, చేత్తో సాఫు చేసి, ఒకదాని మీద ఒకటి. తల్లి కాశీబాయి టీ తెచ్చి పక్కన పెట్టింది. అది మీగడ కట్టింది.

"ఎవలన్న సచ్చిన్రా?" అంది కాశీబాయి.

"లేదు."

"మరి మొకమేందే గట్లున్నది?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటె చాయ తాగు."

తాగింది. చల్లగా ఉందని కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి ఎవరెవరో మొక్కారు, తనూ మొక్కింది. ఎవరని అడిగితే చెప్పలేకపోయేది.

మర్నాడు వికాస్ పాత గేమ్‌నే మళ్లీ ఎక్కించాడు. అందులో మిగిలింది తొంభై మంది. తర్వాతి సోమవారం పార ఒక్కటే ఇడిచారు. ఏదీ ఎండలేదు. మూడు నెలల కిందటిది, నిమిషంలో అయిపోయింది. అంత సులువుగా అయినందుకు దీపాలి తనను తాను తిట్టుకోవలసింది. దానికీ ఓపిక లేకపోయింది.

ఆమెకూ గేమ్‌లో ఒక బావి ఉంది, దయమ్మ వరసలోనే, అందరికన్నా పైన. పార తీసుకుని దిగింది. మొదటి సొరంగం, రెండోది, అట్లా ఏడుగురివి. వేలు నొప్పి పుట్టేదాకా పూడిక తీసింది. దయమ్మ బావిలోకి నీళ్లు దిగి గట్టు దాకా వచ్చాయి. బావి పక్కన ఆమె చివరిసారి వచ్చిన తేదీ ఉంది. దసరాకు ఇరవై ఆరు రోజుల ముందు. దీపాలి ఆ తేదీని చాలాసేపు చూసింది. ఏడిస్తే తేలికయ్యేదేమో. కళ్లు పొడిగానే ఉన్నాయి.

దయమ్మ ఆ రోజు రాలేదు. ఆ వారమూ రాలేదు. రమ్మని పిలుద్దామంటే ఆట మానినవాళ్లకు మాట చేరే దారి ఆ గేమ్‌లో లేదు. ముప్పై ఆరింటిలో అదీ ఒకటి. ఇక సోమవారానికి ఒకటే అనుకున్నారు, దాని వంతు ఇంకా రాలేదు.

దీపాలి మాత్రం రోజూ దుకాణంలోంచి పైకి రాగానే ఆ ఏడు సొరంగాలతో పాటు దయమ్మది కూడా శుభ్రం చేస్తుంది. దయమ్మ బావి దానంతటదే నిండి కిందికి పారుతుంది. పదో రోజు కాశప్ప దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది.

"నా బావి పొంగుతాంది. ఇన్నొద్దులు సుక్క లేదు, ఇప్పుడు గట్టు దాటి పోతున్నయ్. మీకు ఏది చేసినా ఎక్కువే. తూము అడ్డం పెట్టుకునే ఉపాయం ఏమన్న ఉన్నదా? ఆ పైనామెకు చెప్పుదామంటె మాట్లాడ్తలేదు."

వికాస్ అక్క వంక చూశాడు. తూము కూడా ఆషాఢం నాటిదే, చేసి పక్కన పెట్టి ఉంది.

"ఏమని రాయాలె?" అన్నాడు.

"సోమవారం అని రాయి," అంది దీపాలి. పార తీసుకుని మొదటి సొరంగంలోకి దిగింది.