అమ్మ చేసిన ఆదివారపు రొట్టె

నా చిన్నప్పుడు ఒక శనివారం సాయంత్రం, ఐదుంబావుకు, మా అమ్మ ప్రార్థన మందిరానికి రొట్టె చేయడానికి గోధుమ పిండి కలపడం మొదలుపెట్టింది. ఐదింటికి మిల్లు భోంగా మోగగానే బీడీలు చుట్టే చాట పక్కన పెట్టేసింది. చేతులకు పట్టిన తంబాకు వాసన పోయేదాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. మామూలు రోజుల్లో అంతగా కడుక్కునేది కాదు. మేము తినే రొట్టెల్లో ఆ వాసన కొంచెం ఉండేది, మాకు అలవాటే.

మాది సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక నేతవాళ్ళ వాడ. తెలంగాణ నుంచి మగ్గాల కోసం వచ్చిన కుటుంబాలే అంతా. అందులో యేసును నమ్మిన ఇళ్ళు కొన్నే ఉండేవి. ఒక పొడుగాటి గది మాకు మందిరం. నెలకొక ఆదివారం అక్కడ, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె విరిచి పంచుకునే ప్రభువు బల్ల జరిగేది. ఆ రొట్టె వంతులవారీగా ఒక్కో ఇంట్లో చేసేవాళ్ళు. ఆ నెల వంతు మాది.

దానికి ముందురోజు సాయంత్రం మావాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మీదనైనా మనసులో ఏదైనా ఉంటే, లేదా ఎవరికైనా తప్పు చేసి ఉంటే, వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలి. చెప్పుకోనివాళ్ళు మర్నాడు రొట్టె ముట్టకూడదు. చెప్పుకునేవి ఎక్కువగా కుళాయి దగ్గర కుండ జరిపిన గొడవలు, ఒకరి కోడి ఇంకొకరి జొన్నలు తిన్న గొడవలు. ఆ సాయంత్రాలు పిల్లలమైన మాకు తమాషాగా ఉండేవి. పెద్దవాళ్ళు తల వంచుకుని రావడం మేము చూసేది అప్పుడే.

ఆ రోజు మా గుమ్మంలోకి వచ్చినవాడు పక్కింటి కాక. మందిరంలో వాక్యం చదివేది, రొట్టె విరిచేది ఆయనే. మా నాన్న పోయాక మా అన్నను తను పనిచేసే కార్ఖానాలోనే మరమగ్గం మీద పెట్టించింది కూడా ఆయనే. మా ఇంట్లో ఏ కష్టం వచ్చినా ముందు ఆయన పేరే తలుచుకునేవాళ్ళం.

అంతకు కొన్ని నెలల ముందు కార్ఖానాలో మా అన్నకు ఎడమ కన్ను పోయింది. దారపు కండెను కడుపులో పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె, కాక మగ్గంలోంచి ఎగిరి, పక్క మగ్గం దగ్గర నిలబడ్డ అన్నను కొట్టింది. అలా ఎగరకుండా మగ్గానికి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దెబ్బ తగిలాక కార్ఖానా మాలిక్ వచ్చి చూస్తే కడ్డీ దాని చోట్లోనే ఉంది. కడ్డీ ఉండగా నాడె అంత దూరం రాదని, పోరడే నడుస్తున్న మగ్గంలోకి తల పెట్టి ఉంటాడని ఆయన తేల్చేశాడు. అన్న కాదన్నాడు. ఎవరూ వినలేదు. ఆ తర్వాత ఏ కార్ఖానా వాళ్ళూ అన్నను రానివ్వలేదు, జాగ్రత్త లేని పోరడని. అమ్మ కూడా ఒకటి రెండుసార్లు, నీ కన్ను నువ్వే పోగొట్టుకున్నావని అంది. అన్న గోడ వైపు తిరిగి పడుకునేవాడు. దెబ్బ తగిలిన రోజు అన్నను చేతుల మీద ఆస్పత్రికి మోసుకెళ్ళిందీ, రాత్రంతా నేల మీద కూర్చుని ప్రార్థించిందీ కాకే.

ఆయన గుమ్మంలో నిలబడి, పిండి పక్కన పెట్టమని అమ్మను అడిగాడు. అమ్మ నవ్వింది. మా కోడి ఏమన్నా మీ ఇంట్ల గుడ్డు పెట్టిందా అన్నా, అని అడిగింది. ఆయన నవ్వలేదు.

“కడ్డీ నేనే తీసిన చెల్లే,” అన్నాడు. “దారం తెగినప్పుడల్ల చెయ్యికి అడ్డమొస్తున్నదని తీసి పక్కకు పెట్టిన. పోరడు కిందపడంగనే అందరు వాని దిక్కు ఉరికిన్రు. నేను కడ్డీ మళ్ళ పెట్టనీకి దాని దిక్కు పోయిన.”

అమ్మ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగింది. రేపు రొట్టె విరవాలని, చెయ్యి లేవడం లేదని ఆయన అన్నాడు. తను ఇక మందిరానికి రానని, తప్పు లేనివాడిని ఎవరినైనా చూసి ఆ పని అప్పగించుకోమని చెప్పి వెనక్కి తిరిగాడు.

లోపలి నుంచి అన్న వచ్చాడు. అప్పటికే అంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవాలని నాకు ఎంతో ఉండింది.

“కాకా, గటు నిలబడకు, నాకు గా దిక్కు కనపడదు. ఇటు రా,” అన్నాడు అన్న. కాక ఇటు వచ్చాడు. “మాలిక్‌కు చెప్తవా?”

“సోమవారం పొద్దుగాల్నే చెప్తా.”

“అందరి ముంగట చెప్పాలె.”

“అందరి ముంగటనే.”

అన్న తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ మాట్లాడినప్పుడు ఆమె గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

“మాఫ్ చేసిన అనుకోకు,” అంది. “చెయ్యలే. చేస్తనో లేదో నాకే ఎరుక లేదు. తప్పున్నదని నువ్వు రానంటున్నవ్. నా కడుపుల ఏమున్నదో ఎరుకేనా? ఈ పీట తీసి నీ నెత్తి పలగ్గొట్టాలని ఉన్నది. నా కొడుకు నిజం చెప్తే నేను గూడ నమ్మలే. గట్లయితే నేను గూడ రావద్దు. మంచోళ్ళే రావాలంటే ఇగ ఈ రొట్టె ఎవ్వల కోసం చేస్తున్న?”

రేపు రా, వెనక కూర్చో, కానీ రా, అని చెప్పి అమ్మ మళ్ళీ పిండి పిసకసాగింది. అది అప్పటికే చాలినంత మెత్తబడింది. అయినా చాలాసేపు పిసుకుతూనే ఉంది.

ఆదివారం ఆయన వచ్చాడు. ప్రార్థనకు ముందు లేచి, ముందురోజు మాతో చెప్పిందే అందరితో చెప్పాడు. తర్వాత వెనక, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. ఇంకొక పెద్దాయన రొట్టె విరిచాడు. పళ్ళెం చేతులు మారుతూ అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ తను తీసుకుని లేచింది. గది చివరిదాకా నడిచి పళ్ళెం కాక ముందు పట్టుకుంది. ఆమె ఆయన ముఖం చూడలేదు. ఆయన చాలాసేపటికి చెయ్యి చాపాడు. అమ్మ అంతసేపూ అలాగే వంగి నిలబడింది. ఆమె ముఖంలో ఏ మెత్తదనమూ లేదు. నేను దాని కోసమే వెతికాను, అందుకే నాకు ఖాయంగా తెలుసు.

ఇంటికి వచ్చే దారిలో, ఆయనకు ఎందుకు ఇచ్చావని కోపంగా అడిగాను.

“చేసింది నేనే బిడ్డా, గని రొట్టె నాది గాదు,” అంది అమ్మ. “నాదైతే ఇస్తుంటినా?”

సోమవారం కాక మాలిక్‌కు చెప్పాడు. కాక పని పోయింది. అన్న మీద పడిన మాట పోయింది, తువ్వాళ్ళు మడతపెట్టే పని దొరికింది. పోయిన కన్ను రాలేదు. అమ్మ ఆ తర్వాత కాకతో అవసరానికి మాట్లాడింది. ఆయన చనిపోయినప్పుడు వెళ్ళి రాత్రంతా కూర్చుంది. మాఫ్ అనే మాట ఆమె నోట వచ్చిందని నేనెప్పుడూ వినలేదు.

మా అన్న మొన్నటి వానాకాలంలో పోయాడు. సమాధి దగ్గర మాట్లాడినవాళ్ళు, ఆయన అంతా క్షమించి ప్రశాంతంగా బతికిన మనిషి అన్నారు. నాకు ఆ మాటలు బాధ కలిగించాయి. రోజూ పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు కోపం వస్తుందని, చాయ్ తాగేసరికి పోతుందని, మళ్ళీ మర్నాడు వస్తుందని ముసలితనంలో కూడా అన్న నాతో అనేవాడు. అంత కష్టపడి మోసినదాన్ని ఒక్క వాక్యంలో తేలిక చేసేశారు.

పాపం గురించి, కృప గురించి తర్వాత చాలా పుస్తకాలు చదివాను. మనిషి స్వభావమే చెడిందని వాటిలో ఉంటే, నాకు హంతకులు గుర్తుకు రారు. కాక గుర్తుకొస్తాడు. ఆయన మంచివాడు. మమ్మల్ని ప్రేమించినవాడు. అందరూ పిల్లవాడి వైపు పరుగెత్తినప్పుడు ఆయన కాళ్ళు కడ్డీ వైపు వెళ్ళాయి. ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. నా కాళ్ళు ఎటు వెళ్ళేవో నాకు తెలియదు. అమ్మకు కూడా ఆ సాయంత్రం అదే భయం వేసి ఉంటుంది. తనలో లేని క్షమను ఉన్నట్టు చూపలేదు. అది వచ్చేదాకా ఆగనూ లేదు. అది లేకుండానే లేచి నడిచింది. కృప అనే మాట వింటే నాకు ఈరోజుకీ కనబడేది ఆ నడకే. అన్న పోయాక ప్రతి ఆదివారం నేనూ మనసులో ఏ శాంతీ లేకుండానే వెళ్ళి కూర్చుంటున్నాను.

మందిరం ఇప్పుడు పెద్దదైంది. అందరూ రొట్టె తీసుకుంటారు. దానికి ముందురోజు సాయంత్రం ఎవరూ ఎవరి గుమ్మం దగ్గరికీ వెళ్ళరు.