ఐదో ఎముక కింది చీటీ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. రాళ్లయిపోయిన ఎముకలకు నంబర్లు వేసి బతికేవాణ్ణి. చచ్చినవేవీ లేచి రావని నాకంటే ఎవరికి తెలుసు? ఇది మాత్రం నాకే జరిగింది.

బెంగళూరులో నేను పనిచేసే శిలాజాల గదిలోనే ఒకప్పుడు నాన్న కూడా పనిచేశారు. అక్కడ ఒక ట్రేలో ఐదు ఎముకలుంటాయి. వాటిని బట్టే పెద్ద సార్లు ఒక కొత్త డైనోసార్‌కు పేరు పెట్టారు. ఏళ్ల తరబడి సూదితో వాటి మట్టి గీకింది నాన్న. పుస్తకాల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. ఒక్కో ఎముక కింద పేరు రాసి ఆయన పెట్టిన ఐదు చీటీలే ఆయన పనికి సాక్ష్యం.

పోయినేడు నిపుణులు వచ్చి, అసలు అలాంటి జంతువే లేదన్నారు. అవన్నీ వేరే డైనోసార్ల ఎముకలేనట, ఒకచోట కలిసిపోయాయట. కొత్త చీటీలు పెట్టమన్నారు. నాకు ఒళ్లు మండింది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పేరు మారినా పాత చీటీ పారేయకూడదు, కొత్తదాని కింద ఉంచాలి. నేను ఉంచలేదు. నాన్న చేతిరాతలో తప్పు పేరు చూసి రేపెవరైనా నవ్వుతారేమోనని సిగ్గేసింది. ఐదూ చింపి చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం ఆ బుట్ట ఖాళీ చేయడం కళ్లారా చూశాను.

యలహంకలో ఇంటికి వెళ్లేసరికి నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది, కుడిచెయ్యి లేవదు. పేరు కొట్టేసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"నా చీటీలు బాగుండాయేమప్పా?" అని అడిగారు.

ఉన్నాయని అబద్ధం చెప్పాను.

మర్నాడు పొద్దున శిలాజాల గది తాళం తీసింది నేనే. రెండో తాళంచెవి ఊళ్లో లేని మా అధికారి దగ్గరుంది. ట్రే లాగాను. కొత్త చీటీల కింద ఐదు పాత చీటీలు. ఎక్కడా చిరుగు లేదు. నాలుగింటి మీద పాత పేరే ఉంది. ఐదోదాని మీద ఆ పేరు కొట్టేసి, నాన్న అక్షరాల్లోనే 'ఇది మొసలిది' అని ఉంది. ఇంకా ఆరని సిరా నా బొటనవేలికి అంటింది. ట్రే మూసేశాను, ఎవరికీ చెప్పలేదు.

కొన్ని నెలలకు ఆ ఎముకను స్కాన్ చేశారు. మొసలిదేనని తేలింది.

ఆ రోజు నాన్న పక్కన కూర్చుని, పేరు పోయిందని, చీటీలు నేనే చింపానని ఒప్పుకున్నాను. ఏడుపొచ్చింది. మొసలి మాట నేనింకా ఎత్తనేలేదు.

"ఐదోది మొసలిదని రాసింటి గదప్పా," అన్నారు నాన్న.

ఎప్పుడు రాశారని అడగాలి. కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. ఇప్పటికీ నేను అడగలేదు.