గోడ మీద కోకిల పేరు

మందుల చదువు చదివితే ఉద్యోగాలకు కొదవుండదని మద్రాసు కాలేజీలో మాస్టారు వేళ్లు మడిచి మరీ చెప్పాడు. ఆసుపత్రి, మాత్రల కంపెనీ, మెడికల్ రెప్, మందుల షాపు. కోకిల నమ్మింది. కనకమ్మ సత్రం అనే ఊళ్లో మరమగ్గం నడిపే దొరస్వామి కూతురు ఆ రోజుల్లో, అంటే ఎనభై మూడులో, డి.ఫార్మసీ పాసవడమే గొప్ప. పాసయ్యాక ఆ వేళ్ల సంగతి తెలిసింది. ఆసుపత్రి ఉద్యోగానికి ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాసుకుని కూర్చోమన్నారు. ఒక కంపెనీలో షిఫ్టులకు ఆడవాళ్లు పనికిరారన్నారు. రెప్ ఉద్యోగానికి వెళితే మోటారుసైకిలు తోలగలవా అని అడిగి నవ్వారు. ఏం చూసి నవ్వారో ఆ పెద్దమనుషులకే తెలియాలి!

ఇక మిగిలింది షాపు. తిరుత్తణిలో రత్నస్వామికి మందుల షాపు ఉంది. ఫార్మసిస్టు లేకుండా నడపకూడదని చట్టం. అందుకని కోకిల సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. మనిషిని మాత్రం రావద్దన్నాడు.

"నువ్వెందుకు పాపా, బస్సెక్కి అల్లాడేది? ఇంట్లోనే ఉండు. జీతం ఇంటికే వస్తాది" అన్నాడు.

కౌంటరులో ఆయన బావమరిది ఇంద్రసేన కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి తప్పిన ఘనుడు. ఊళ్లో అందరూ దొరస్వామి అదృష్టాన్ని మెచ్చుకున్నారు. కోకిలకు ఒళ్లు మండేది. అంత చదువు చదివింది ఇంట్లో కూర్చుని బియ్యం ఏరడానికా? తండ్రితో అంటే, "ఉండేదాన్ని చెడగొట్టుకోవద్దు" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

ఏడాది గడిచింది. ఒక పొద్దున పక్కింటి తాయమ్మ గోడ పట్టుకుని వచ్చింది. రెండు రోజులుగా వాంతులట.

"ఏందో పాపా, యాడ చూసినా పసుపు పూసినట్టే కనపడతా ఉండాది."

తాయమ్మ గుండె జబ్బుకు మాత్రలు వాడుతోందని కోకిలకు తెలుసు. గుండె మాత్ర మోతాదు మించితే చూపు అలా అవుతుందని ఆమె చదివింది. డాక్టరు చీటీ అడిగి చూసింది. రోజుకు అర మాత్ర అని ఉంది.

"రోజుకెన్ని వేసుకుంటా ఉండావత్తా?"

"రెండు. షాపులో పిల్లోడే చెప్పినాడు."

మాత్రల కవరు మీద రత్నస్వామి షాపు పేరే ఉంది.

తాయమ్మను తిరువళ్లూరు ఆసుపత్రిలో చేర్పించి, గండం గడిచిందని డాక్టరు చెప్పాక, మర్నాడు కోకిల తిరుత్తణి బస్సెక్కింది. దారంతా పళ్లు కొరుకుతూనే ఉంది. ఆ ముసలామె పోయి ఉంటే, చట్టం లెక్కన చంపిందెవరు? గోడ మీద పేరున్న కోకిల! ఆ సర్టిఫికెట్ పీకి పారేయాలనే షాపులో అడుగుపెట్టింది.

రత్నస్వామి ఆమెను చూసి ఎగిరి గంతేశాడు.

"నీకే మనిషిని పంపబోతా ఉన్నా పాపా! మందుల షాపులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వస్తా ఉండాడు. ఆ తెల్లకోటు తొడుక్కో!"

ఆమె నోరు విప్పేలోపే ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. రోజూ ఉంటారా అని అడిగాడు. నిజం చెబితే షాపుతో పాటు ఆమె రిజిస్ట్రేషనూ పోతుంది. చదివిన చదువంతా మట్టిపాలవుతుంది.

"పొద్దున తొమ్మిదికి వస్తాను సార్. రాత్రి ఎనిమిది దాకా ఈడనే ఉంటాను."

ఆయన పుస్తకంలో ఆ వేళలు రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకుని పోయాడు. అబద్ధానికి సంతకం పెట్టినందుకు కోకిలకు తనమీద తనకే అసహ్యం వేసింది.

రత్నస్వామి పళ్లికిలించాడు. "గట్టిదానివే! ఇంక కోటిప్పేసి ఇంటికి పో పాపా."

కోకిల కౌంటరు వెనక్కి నడిచింది.

"లెయ్" అంది ఇంద్రసేనతో. "తాయమ్మత్తను చంపబోయినావు. లెయ్!"

"ఏంది పాపా ఇది?" అన్నాడు రత్నస్వామి.

"తొమ్మిది నుంచి ఎనిమిది దాకా అని రాసుకుని పోయినాడు కదన్నా. ఈ పొద్దు నుంచి అట్లనే ఉంటా. వద్దంటే సర్టిఫికెట్ తీసుకుని ఇప్పుడే పోతా. నువ్వు షాపు మూసుకో."

రత్నస్వామి గోడ వైపు చూశాడు. బావమరిది వైపు చూశాడు. చివరికి, "లెయ్ రా" అన్నాడు. ఇంద్రసేన గొణుక్కుంటూ లేచాడు.

అప్పటికే ఒకావిడ చీటీ చాపి నిలబడి ఉంది. కోకిల అందుకుని చదివింది. మాత్రలు కవరులో వేసింది.

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఏదీ, మళ్లా నాకు చెప్పు."

ఆవిడ సరిగ్గా చెప్పేదాకా కవరు చేతికివ్వలేదు.