జానెడెత్తున ఇసుక డ్రమ్ము

రెండు వారాల కింద ఓ పొద్దున జగిత్యాల నుంచి అక్క ఫోన్ చేసి, "మీ బావ లేడు తమ్మీ" అంది. సిరిసిల్లలో మగ్గాలు ఆపేసి బయల్దేరాను. మట్టి అయిపోయి అందరం స్నానాలు చేస్తుంటే ఒకాయన పక్కవాడితో మెల్లగా అంటున్నాడు, మనిషి మంచివాడే గానీ ఆ వేలు బాంబు చుట్టేటప్పుడు పోయిందంటారు కదా అని. చచ్చాక కూడా వదలరా అని ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను. మీరు మా బావను చూసి ఉండరు. ఆ వేలి సంగతి మాత్రం మీకు తెలియాలి.

బావ క్రేన్ నడిపేవాడు. లారీ మీద బిగించిన క్రేన్. దాని పొడుగు చెయ్యిని, అంటే బూమును, నూనె ఒత్తిడే లేపుతుంది. ఒకసారి రబ్బరు పైపు తడిగా కనిపిస్తే ఎక్కడ కారుతోందోనని ఎడమ చూపుడు వేలితో తడిమాడు. కంటికి ఆనని చిల్లిలోంచి నూనె సూదిలా వేలిలోకి దిగింది. అప్పుడు పెద్దగా నొప్పి కూడా లేదట. మర్నాటికి వేలు నల్లబడింది. కరీంనగర్‌లో సగం తీసేశారు. అంతే, బాంబూ లేదు, గీంబూ లేదు. ఆ తర్వాత ఎవరైనా పైపు మీద చెయ్యి వేయబోతే ఆ చేతి మీద ఒక్కటిచ్చి, అట్టముక్కతో చూడమనేవాడు.

సిలిండర్ మూతి దగ్గర లాక్ వాల్వు ఒకటి ఉంటుంది. పైపు తెగినా నూనెను పోనివ్వకుండా, బూము కూలకుండా పట్టి ఉంచేది అదే. దాన్ని బావ రోజూ పరీక్ష పెట్టేవాడు. మొదటి బరువుకు ముందు, లారీ మీద వెంటే ఉంచుకునే ఇసుక డ్రమ్మును జానెడెత్తు లేపి, ఇంజన్ ఆపి, ఎడమ చేత్తో లివరును దించే వైపు నొక్కిపట్టి, కుడి చేత్తో టీ తాగేవాడు. టీ అయ్యేలోపు డ్రమ్ము నేలకు దిగితే ఆ రోజు పని బంద్. టీ కోసం పెట్టుకున్న సాకు అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "పైపు ఎప్పుడో ఓనాడు పగుల్తది, దాని పని గది. పగిలినా బూము ఆగాలె, మన పని గది" అనేవాడు.

నక్సలైట్లను మా వైపు అన్నలు అనే రోజులవి. నా కొత్త షెడ్డులోకి మగ్గాలు ఎక్కించాలని కోరుట్లలో పని మీదున్న బావను క్రేన్‌తో సహా తీసుకొస్తున్నాను. దారిలో పోలీసులు ఆపారు. అన్నలు కాల్చేసిన జీపు కల్వర్టు మీంచి వాగులోకి సగం వేలాడుతోంది. వెంటనే ఎత్తమన్నాడు ఇన్‌స్పెక్టరు. గొలుసు కట్టడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు సరిగ్గా బూము కిందికి దిగారు.

బావ ముందు డ్రమ్ము లేపాడు, ఇంజన్ ఆపాడు, లివరు నొక్కిపట్టి ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నాడు. రెండు గుక్కలకే డ్రమ్ము నేలను తాకింది. వాల్వు పట్టడం లేదు, విప్పి చూడాలి, పూట పడుతుంది అన్నాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరు కళ్లు ఆ సగం వేలి మీద పడ్డాయి. నువ్వు వాళ్ల మనిషివే, ఆలస్యం చేయడానికే ఈ నాటకం అన్నాడు. ఎత్తేయ్ బావా, వెళ్లిపోదాం అని చెయ్యి పట్టుకుని బతిమాలాను. బావ నా వైపు చూడలేదు. సగం వేలున్న చేతిని జేబులో దాచలేదు.

"తుపాకి పెట్టినా ఎత్త సార్. గా ఇద్దరు కిందుండంగ ఎత్త, మీరే నిలబడ్తమన్నా ఎత్త."

బావను స్టేషనుకు తీసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం వదిలారు. వాచిన పెదవితో, కుంటుకుంటూ వచ్చి, రోడ్డు పక్కనే పేపరు పరిచి వాల్వు విప్పాడు. లోపల తెల్లటి నూలు పోగు ఇరుక్కుని ఉంది. పైపులూ వాల్వులూ తుడుచుకోవడానికని నా మగ్గాల నూలు వేస్టును బస్తాల్లో పంపేవాణ్ణి. అది నా పోగు.

"నీ నూలు మస్తు గట్టిది బామ్మర్ది" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

పోగు తీసి, మళ్లీ డ్రమ్ము లేపి, టీ ఆఖరి చుక్క దాకా తాగాడు. గొలుసు కట్టించి, అందర్నీ దూరంగా జరిపాకే జీపు లేపాడు. సగం లేచాక పైపు పగిలింది. నూనె రోడ్డంతా చిమ్మింది. జీపు మాత్రం గాలిలో ఎక్కడున్నది అక్కడే ఆగింది. ఒక కానిస్టేబులు బకెట్టు నీళ్లు తెచ్చి బావ చేతుల మీద పోశాడు. కొన్నాళ్లకు అన్నలు పిలిపించి పోలీసు జీపెందుకు ఎత్తావని అడిగితే, దారికి అడ్డం పడితే ఎవరిదైనా ఎత్తుతానని చెప్పి వచ్చాడు.

అప్పట్నుంచి నా నూలు వేస్టు ముట్టలేదు, పాత లుంగీలే వాడాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాను.

పదకొండో రోజు, దినాల పొద్దున, వచ్చినవాళ్లందరి ముందు, అక్క క్రేన్ తాళం నా చేతికిచ్చింది. డ్రమ్ము జానెడు లేపి, ఇంజన్ ఆపి, లివరు నొక్కిపట్టాను. బావ గ్లాసులో టీ పోసి అక్క క్రేన్ మెట్టు మీద పెట్టింది. ఆ వేలి మాట అన్నాయన్ని పేరు పెట్టి పిలిచి, ఆ చేత్తో బావ రోజూ చేసిన పని ఇదీ, దగ్గరికొచ్చి చూడమన్నాను. వచ్చి నిలబడ్డాడు. టీ చల్లారింది, మీద మీగడ కట్టింది. డ్రమ్ము జానెడెత్తులోనే ఉంది. నేను లివరు వదల్లేదు.