నర్సింగమ్మ చెవి

నర్సింగమ్మను పొగిడితే ఒప్పుకోదు. కూర బాగుందంటే "ఏం బాగు, ఉప్పు ఎక్కువైంది" అంటది. మోత్కూరు ఊర్ల నేతోళ్ల వాడకట్టంత గంతే. మగ్గం దిగిన చీరను మెచ్చుకుంటే దాంట్ల తప్పు తామే వెతికి చూపిస్తరు. గా మర్యాదనే ఒకనాడు ఆమె కొంప ముంచబోయింది.

పెనిమిటి ఎల్లస్వామి నేతగాడు. పోయి ఎనిమిది నెలలు. నర్సింగమ్మకు చూపు మందగించి, కండెలకు దారం చుట్టేటప్పుడు పట్టుపోగు తెగినా కనబడకపోయేది. మోటరు రాట్నం ఊరికనే తిరుగుతుండేది. ఎల్లస్వామి బతికుండంగనే తన ఛాతి ఎక్స్‌రేలకెల్లి వేలెడు ముక్క కత్తిరించి, పట్టులడి వేసిన, పోగు గుంజితే తిరిగే చక్రం పుల్లలకు తగిలేటట్టు కట్టిండు. చక్రం తిరిగితే టిక్కుటిక్కు. పోగు తెగితే చక్రం ఆగుతది, చప్పుడూ ఆగుతది.

ఆమె చెల్లె కొడుకు కృష్ణకాంత్ ఇంజనీరింగు కాలేజీల పాఠాలు చెప్తడు. ఇది ఎల్లస్వామి కనిపెట్టిందేనని సర్కారుతోని ఒప్పించేటందుకు పేటెంటుకు రాసిండు. పిల్లలు లేని మనిషి. పేరు మిగలాలంటే గా కాయితమొక్కటే.

దాన్ని పరీక్షించే అధికారి రెండు పాత పేటెంటు కాయితాలు ముందట పెట్టిండు. ఒకదాంట్ల మోటరు రాట్నం, ఇంకోదాంట్ల చక్రానికి తగిలి మోగే రేకు. రెంటినీ కలిపితే ఇదే, పని తెలిసిన ఎవరికైనా తోస్తది అన్నడు. ఇగ చెన్నై పేటెంటు ఆఫీసుతోని నర్సింగమ్మ ఇంట్లనే లాప్‌టాప్‌ల విచారణ.

అధికారి తెలుగాయనే. "మీ ఆయన మంచి పని చేశారమ్మా" అన్నడు.

"అదేం పనిలే సారూ, ఎవరైనా చేస్తరు."

కృష్ణకాంత్ నెత్తి పట్టుకున్నడు. "పెద్దమ్మా! ఆయన వాదన గదేనే!"

అధికారి ఏదో రాసుకున్నడు. నర్సింగమ్మకు తన మనిషి పేరు తన నోటితోనే కొట్టేసుకున్నట్టయింది.

కృష్ణకాంత్ తేరుకున్నడు. "సార్, రెండూ ముందుగాల ఉన్నయంటే సరిపోదు. వాటిని కలపాలని ఒకరికి ఎందుకు తోస్తదో మీరు చూపాలె. మీ మొదటి కాయితమే చదవండి. మగ్గాల మోతల చెవి పనికిరాదు, దీపం పెట్టుకొమ్మన్నది. అది చదివినోడు చప్పుడు దిక్కు పోతడా?"

"మరి ఆ మోతలో ఇదైనా వినిపిస్తుందా?"

నర్సింగమ్మ లేచి రాట్నం వేసింది. పక్కింట్ల రెండు మగ్గాలు డబడబ కొట్టుకుంటున్నయి.

"నాకేం వినబడటం లేదమ్మా" అన్నడు అధికారి. కృష్ణకాంత్‌కు సుత వినరాలే.

ఆమె రాట్నానికి వీపు పెట్టి కూసున్నది. "బిడ్డా, పోగు తెంపు. ఎప్పుడో చెప్పకు."

తెంపిండు. చెయ్యి తీయకముందే "ఆగింది" అన్నది. ముడేసి మళ్లీ తెంపిండు. "ఆగింది." మూడోసారీ గట్లనే.

"ఎలాగమ్మా?"

"నలభై ఏండ్లు మగ్గం మోతలనే బతికిన సారూ. అది నాకు గాలి లెక్క. నా కండ్లను చూసి అందరు అద్దాలన్నరు, బల్బులన్నరు. ఆయన నేసుకుంట దగ్గేటోడు. ఎంత మోతలనన్న నేను మర్లి చూసేదాన్ని. దగ్గు ఆగిపోయినా చూసేదాన్ని. 'నీ చెవి నన్ను ఇడుస్తలేదు గదనే' అని నవ్వేటోడు. గదాన్ని పట్టుకోనే ఇది చేసిండు." కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. "ఎవరైనా చేస్తరన్నది మర్యాదకు అన్న మాట. ఎవరు చెయ్యలే. ఆయనే చేసిండు."

అధికారి మళ్లీ కలం పట్టిండు. "ఇది కూడా రాసుకుంటున్నానమ్మా" అన్నడు.

నాలుగు నెలలకు పేటెంటు కాయితం వచ్చింది. కృష్ణకాంత్ ఎల్లస్వామి పేరు మీద వేలు పెట్టి చూపిచ్చిండు. పక్కింటి లీలమ్మ మగ్గం ఆపుకొని ఉరికొచ్చింది.

"నీ పెనిమిటి అసాధ్యుడేనమ్మో!"

అలవాటుగ నర్సింగమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు జర ఆపుకున్నది.

"అవు లీలమ్మా" అన్నది. "అసాధ్యుడే."