నేను కొట్టేసిన మూడో అధ్యాయం

బ్రిటన్ ప్రజలు ఐరోపా కూటమి నుంచి బయటికి రావాలని ఓటు వేసిన నెలలోనే, అంటే 2016 జూన్‌లో, విజయవాడలో నేను పనిచేస్తున్న కళాశాలవారు ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరానికి సమకాలీన బ్రిటిష్ సాహిత్యం పేపరు నాకు అప్పగించారు. అప్పటివరకు నేను పాత కవిత్వం, పాత నాటకాలు చెప్పినవాణ్ణి. ఈ పేపరు తీరు వేరు. నవల ఒక్కటే చెబితే సరిపోదు. అది వచ్చిన కాలంలో ఆ దేశాన్ని ఎవరు పాలించారు, ఏ గనులు మూతపడ్డాయి, ఎక్కడెక్కడి నుంచి జనం వలస వచ్చారు, చట్టం వాళ్ళను ఎలా చూసింది అన్నవి కూడా చెప్పాలి. సిలబస్‌లో వీటికి ‘సందర్భాలు’ అని పేరు.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చే పిల్లలకు లండన్ శివార్ల జీవితం ఎలా చెప్పాలో మొదట్లో నాకు తోచలేదు. ఒకరోజు ‘కౌన్సిల్ ఇళ్ళు’ అంటే ఏమిటో చెప్పడానికి తడుముకుంటుంటే, కొండపల్లి నుంచి బస్సులో వచ్చే లావణ్య అందుకుంది.

“మా థర్మల్ క్వార్టర్స్ లాంటివాండీ? గోడ మనది కాదు, మేకు కొడితే మాత్రం తిట్లు మనకే!”

క్లాసంతా నవ్వింది. అక్కడ ఇళ్ళు ఇచ్చేది కంపెనీ కాదు, స్థానిక ప్రభుత్వం అని మాత్రం సవరించాను. ఆ రోజు నుంచి ఆ పాఠం తేలికైంది.

లావణ్య తండ్రి థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని చేసేవారు. వాళ్ళది పూజా పునస్కారాలున్న ఇల్లు. ఆ అమ్మాయి ఎన్నడూ చర్చిలో అడుగుపెట్టలేదు. అయినా నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుకు ఎంచుకున్న నవల ఒక క్రైస్తవ సంఘం గురించినది. ఆఫ్రికా నుంచి లండన్ చేరిన కొన్ని కుటుంబాలు ఒక పాత గోదాములో ఆరాధన జరుపుకుంటాయి. ఆ సంఘంలో పెరిగిన ఒక కాలేజీ అమ్మాయి తప్పు చేసిందని, ఆమెను అందరి ముందు నిలబెట్టి ఒప్పుకోలు చెప్పిస్తారు. నవలంతా ఆ ఘట్టం చుట్టూ తిరుగుతుంది.

ప్రాజెక్టు అంటే విద్యార్థి రాసే చిన్న పరిశోధన. గైడ్ ప్రతి అధ్యాయం చూసి దిద్దాలి. చివరికి, ఇది విద్యార్థి స్వయంగా చేసిన పని అని ధ్రువీకరిస్తూ సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే పరీక్షల విభాగం పుస్తకం తీసుకోదు. లావణ్యకు గైడ్‌ని నేను.

ఇక్కడ నా గురించి కొంత చెప్పాలి. నేను బైబిలు వాక్యాలు కంఠస్థం చేస్తూ పెరిగినవాణ్ణి. అప్పటికి పన్నెండేళ్ళుగా మా సంఘంలో పెద్దను. తప్పిపోయినవారిని కొంతకాలం ప్రభువు బల్లకు, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి, దూరంగా ఉంచడం, ఒప్పుకున్నాక తిరిగి చేర్చుకోవడం మా సంఘంలోనూ ఉంది. అది శిక్ష కాదు, తిరిగి రావడానికి దారి అని నా నమ్మకం. ఈనాటికీ అదే నమ్మకం.

ఫిబ్రవరిలో లావణ్య మూడో అధ్యాయం తెచ్చింది. మొదటి పేజీలోనే, ఆ సంఘం ఆ అమ్మాయిపట్ల క్రూరంగా ప్రవర్తించిందన్న వాక్యం కనిపించింది. నేను రెండో పేజీ దాటలేదు. పదకొండు పేజీలకూ అడ్డంగా ఎర్ర గీతలు కొట్టాను. సంఘ క్రమశిక్షణ అంటే ఏమిటో బైబిలులోని పౌలు పత్రికల (లేఖల) ఆధారంగా నేనే నోట్సు చెప్పి రాయించాను.

“తెలియని విషయం మీద తీర్పు చెప్పకూడదమ్మా,” అన్నాను.

“సరేనండి,” అంది.

గైడ్ చెప్పింది విద్యార్థి రాసుకుపోవడం మా కళాశాలల్లో మామూలే. ఎదురు చెబితేనే వింతగా చూస్తారు. నేను సర్టిఫికెట్ మీద సంతకం చేశాను.

ఏప్రిల్‌లో వైవా. మరో విశ్వవిద్యాలయం నుంచి శారదగారనే ప్రొఫెసర్ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చారు. అప్పటికే లావణ్యకు చల్లపల్లిలో ఒక జూనియర్ కళాశాలలో ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లో చేరేనాటికి పాసైనట్టు మార్కుల జాబితా చూపించాలి. తండ్రి ఆ వేసవిలోనే రిటైరవుతున్నారు, క్వార్టర్ ఖాళీ చేయాలి. ఇంట్లో అందరూ ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు.

శారదగారు మూడో అధ్యాయం తెరిచి కళ్ళద్దాలు సవరించుకున్నారు.

“ఏంటమ్మా ఇది? మిగతాదంతా శుభ్రంగా ఉంది. ఇక్కడ మాత్రం చర్చి ప్రసంగంలా ఉంది, ‘ప్రియులారా’ ఒక్కటే తక్కువ! ఇది నీ అభిప్రాయమేనా?”

లావణ్య నా వైపు చూసింది. నేను మార్కుల షీటు వైపు చూస్తూ కూర్చున్నాను.

“మా సార్ చెప్పింది రాశానండి.”

శారదగారు పుస్తకం మూశారు. సొంత పని కాదని తేలితే ప్రాజెక్టును వెనక్కి పంపాలన్నది నిబంధన. మళ్ళీ రాసి సమర్పించేసరికి, సప్లిమెంటరీ ఫలితాలతో కలిసి అక్టోబరు అవుతుంది.

“తప్పు నాదండి,” అన్నాను. “ఆ అమ్మాయి రాసిన పేజీలు కొట్టేసింది నేను. సంతకం పెట్టిందీ నేనే.”

“కొట్టేసేముందు పూర్తిగా చదివారా?”

“లేదండి.”

“మరి నేను మీ మీద రిపోర్టు రాయాలి మాస్టారూ.”

“రాయండి.”

ఆవిడ లావణ్య వైపు తిరిగారు. “వైవా అంటే నోటితో చెప్పేదేగా. ముందు నువ్వేం రాశావో చెప్పు. కంగారు పడకు, మీ సార్ కూడా వింటారు. ఆయన చదవలేదుగా!”

లావణ్య మొదట తడబడింది, తర్వాత కుదురుకుంది. ఆ సంఘంలో సగం మందికి నివాస పత్రాలు సరిగా లేవనీ, వాళ్ళుంటున్న కౌన్సిల్ ఇళ్ళు కూల్చడానికి నోటీసులు వచ్చాయనీ, పత్రికలు రోజూ వలసవాళ్ళను తిడుతున్నాయనీ నవలలోని పేజీలు తిప్పి చూపించింది. వాళ్ళకు మిగిలింది పరువు ఒక్కటేనంది.

“వాళ్ళు చెడ్డవాళ్ళు కాదండి, బెదిరిపోయి ఉన్నారు. ఇళ్ళు ఖాళీ చేయిస్తారని పుకారు పుట్టిన ఏడాది మా క్వార్టర్స్‌లోనూ అంతేనండి, ఒకళ్ళ పిల్లల మీద ఒకళ్ళు కాపలా. ఆ అమ్మాయిని అందరూ క్షమించారండి. ఏం జరిగిందని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు. నేను క్రూరం అన్నది ఆ ఒక్కదాన్నేనండి.”

నేను చెప్పిన నోట్సులో ఆ సంఘం నియమాలున్నాయి, మనుషులు లేరు. లావణ్య అధ్యాయంలో మనుషులున్నారు. సంఘం మీద దాడి అనుకుని నేను కొట్టేసిన పేజీలు, ఆ సంఘం పట్ల నాకంటే ఎక్కువ దయ చూపించాయి.

శారదగారు మరో రెండు ప్రశ్నలు అడిగి ‘సవరణలతో ఆమోదం’ అని రాశారు. అంటే వారంలోగా దిద్దిన అధ్యాయం చేర్చాలి. లావణ్య తన పేజీలను తిరిగి టైపు చేసి తెచ్చింది. ఈసారి చివరి వరకు చదివాను. రెండు కామాలు మాత్రం పెట్టాను. జూన్‌లో ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. నాకు మెమో వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్టులేవీ ఇవ్వలేదు. ఆ నిర్ణయం సరైనదే.

విద్యార్థి ముగింపు గైడ్‌కు నచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. దానికి పుస్తకంలో ఆధారం ఉందా లేదా అన్నదే అతను చూడాలి. అందుకు చివరి పేజీ వరకు చదవాలి. ఇన్నేళ్ళ ఉద్యోగం తర్వాత ఇది నేర్చుకోవలసి రావడం నాకు గొప్ప కాదు.

సంఘ పెద్దగా కూర్చున్న పన్నెండేళ్ళలో, తప్పు చేశారని మా ముందుకు వచ్చినవారి పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. వాళ్ళలో ఎవరినైనా ఏం జరిగిందని అడిగామా అని ఆలోచిస్తే ఒక్కరూ గుర్తుకు రాలేదు. ఆ ఆగస్టులో మా సంఘంలోని ఒక ఆటో డ్రైవరు విషయం పెద్దల సమావేశానికి వచ్చింది. అతన్ని బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానం రాయబోతున్న కార్యదర్శిని ఆపి, అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, జరిగింది చెప్పమన్నాను. గంటన్నర పట్టింది. విన్నాక తీర్మానం రాయవలసిన అవసరం కనిపించలేదు.